పిల్లల బొమ్మల పుస్తకం ఎలా తయారుచేయాలి: మొదటి వాక్యం నుంచి అచ్చు దాకా

ఇంట్లో పిల్లలకి చెప్పే కథని పుస్తకంగా వేయాలని చాలామందికి ఉంటుంది. కథ ఉంది, బొమ్మలు వేసేవాళ్లు ఎవరో ఒకరు తెలుసు, ప్రెస్ ఊళ్లోనే ఉంది. తీరా పుస్తకం చేతికొచ్చాక పిల్లలు ఒకసారి తిరగేసి పక్కన పెట్టేస్తారు. ఎందుకని చూస్తే చాలాసార్లు కారణం ఒకటే కనిపిస్తుంది. కథంతా మాటల్లోనే చెప్పేసి, మిగిలిన ఖాళీలో బొమ్మ పెట్టి ఉంటారు.

మనకి బొమ్మలున్న కథలు బాగా అలవాటు. 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలైన దగ్గర్నుంచి చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య లాంటి వాళ్ల బొమ్మలు చూస్తూ పెరిగిన తరాలు మనవి. ఆ బొమ్మలు ఎంత గొప్పవైనా, అవి లేకుండా చదివినా కథ అర్థమవుతుంది. బొమ్మల పుస్తకం అలాంటిది కాదు. అందులో మాటలు మాత్రమే చదివితే ఏదో తక్కువైనట్టు ఉండాలి, బొమ్మలు మాత్రమే చూసినా ఏదో తక్కువైనట్టు ఉండాలి. రెండూ కలిసినప్పుడే పిల్లలకి కథ దొరకాలి. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా పనంతా దాన్నుంచే వస్తుంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక చిన్న కథ పెట్టుకుందాం. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో మల్లి అనే ఆరేళ్ల పాప. వాళ్ల పెరట్లో పెద్ద గుమ్మడికాయ కాసింది. దాన్ని ఏటి అవతల ఉన్న అమ్మమ్మకి తానే తీసుకెళ్లి ఇస్తానంటుంది. పుస్తకం పొడుగునా మల్లి "నేనే మోశాను, ఒక్కదాన్నే మోశాను" అని చెబుతూ ఉంటుంది. బొమ్మల్లో మాత్రం కాయని ఒకచోట ఐస్‌ఫ్రూట్ తాత సైకిలు మీద, ఇంకోచోట ఆటోలో, మరోచోట పంటు (జనాన్ని, బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) మీద ఎవరెవరో మోస్తూ కనిపిస్తారు. మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకోటి చూపిస్తుంది. చదవడం రాని పాప కూడా "అబద్ధం! తాత మోశాడు!" అని వేలు పెట్టి చూపిస్తుంది. ఆ వేలు పెట్టడం కోసమే మనం ఇదంతా చేస్తున్నాం.

ఎవరికి, ఎవరు చదివిపెడతారు

రాయడం మొదలుపెట్టే ముందు ఒక వాక్యం రాసి ఎదురుగా పెట్టుకోండి: "ఈ పుస్తకం ఇన్నేళ్ల పిల్లలకి, చదివేది ఫలానా వాళ్లు." అమ్మో నాన్నో ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం వేరు, పిల్లలు తమంతట తాము కూడబలుక్కుని చదివే పుస్తకం వేరు. మొదటి దాంట్లో పిల్లలకి తెలియని పదం వచ్చినా ఫరవాలేదు, పెద్దవాళ్ల గొంతు, బొమ్మ కలిసి దాన్ని దాటిస్తాయి. రెండో దాంట్లో ప్రతి అక్షరమూ పిల్లలే దాటాలి.

నిడివి కూడా ఇక్కడే తేలుతుంది. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి మూడు వందల మాటలు దాటితే ఎక్కువే. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలున్నాయి. మొదటి స్థాయి కథలు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆపైన. మీ కథ ఎక్కడ నిలుస్తుందో చూసుకోవడానికి ఈ కొలత బాగా పనికొస్తుంది.

కథలో ఏం ఉండాలి

పిల్లకో పిల్లాడికో ఒక కోరిక ఉండాలి. దానికి అడ్డు రావాలి. ఆ అడ్డుని పిల్లలే దాటాలి, లేదా దాటడానికి వాళ్లే పూనుకోవాలి. చివర్లో తాతయ్య వచ్చి అంతా సరిచేసి, బుద్ధి చెప్పి వెళ్లిపోతే కథ తాతయ్యది అయిపోతుంది.

నీతి గురించి గట్టిగా చెప్పాలి. "అందుకే పిల్లలూ, ఎప్పుడూ అబద్ధం ఆడకూడదు" అని ముగించడం మన పిల్లల పుస్తకాల్లో బాగా పాతుకుపోయింది. ఆ వాక్యం తీసేయండి. మల్లి కథలో చివర "అందరి సాయం లేనిదే ఏ పనీ జరగదని మల్లి తెలుసుకుంది" అని రాశామనుకోండి. అప్పటిదాకా బొమ్మల్లో పట్టుకున్న రహస్యమంతా పిల్లల చేతిలోంచి లాగేసుకున్నట్టే. మల్లి చివరిదాకా ఒప్పుకోదు. చివరి పేజీలో మాటలే లేవు. అమ్మమ్మ వరండాలో ఐస్‌ఫ్రూట్ తాత, ఆటో అన్న, పంటు వాళ్లు, గట్టు మీద పిల్లలు అందరూ వరసగా కూర్చుని గుమ్మడికాయ పులుసు పోసుకుని అన్నం తింటున్నారు. మల్లికే అందరికంటే పెద్ద ముక్క. ఇక చెప్పవలసింది ఏమీ లేదు.

కొత్త కథే కావాలనేం లేదు. మీ ఇంట్లో చెప్పుకునే కథైనా, మీ ఊరి కథైనా తీసుకోవచ్చు. అయితే ఇప్పటికే అచ్చులో ఉన్న ఒకరి రచనని కొద్దిగా మార్చి వాడుకోకండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. జానపద కథ అందరిదీ. దాన్ని ఒకరు తిరగరాసిన తీరు మాత్రం వారిదే.

రాయడానికి ముందే డమ్మీ కట్టండి

డమ్మీ అంటే ఖాళీ కాగితాలతో కట్టుకునే నమూనా పుస్తకం. ఈ దశని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం.

ఆరు ఏ4 కాగితాలు తీసుకుని, ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యకి మడిచి పిన్ను కొట్టండి. 24 పేజీల పుస్తకం తయారవుతుంది. సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి పేజీలు ఎప్పుడూ నాలుగు లెక్కనే ఉంటాయి. అందుకే 16, 24, 32 పేజీల పుస్తకాలే ఎక్కువ. "మా కథ 19 పేజీలు వచ్చింది" అంటే ప్రెస్‌లో కుదరదు.

ఇప్పుడు పేజీలకి నంబర్లు వేయండి. ఒకటో పేజీ కుడివైపు వస్తుంది, అది టైటిల్ పేజీ. ఆ తర్వాత 2-3, 4-5 అలా 22-23 దాకా ఎదురెదురు పేజీలు పదకొండు జతలు. వీటినే స్ప్రెడ్లు అంటారు. చివర 24 ఒంటరిగా ఎడమవైపు మిగులుతుంది. ప్రచురణ వివరాలు కవర్ లోపలివైపు పెట్టుకుంటే కథకి పదకొండు స్ప్రెడ్లు, ఒక చివరి పేజీ దొరుకుతాయి. మీ కథ ఇందులో పట్టాలి.

మల్లి కథని ఇలా పరిచి చూద్దాం. మొదటి స్ప్రెడ్‌లో పెరడు, గుమ్మడికాయ. రెండో దాంట్లో మల్లి శపథం. మూడు, నాలుగు, అయిదుల్లో సైకిలు, ఆటో, రేవు. ఆరో స్ప్రెడ్ మొత్తం పంటు: మోటారు సైకిళ్లు, ఆటోలు, పాలక్యాన్లు, పెళ్లివారు, ఒక గేదె, వాటన్నిటి మధ్య గుమ్మడికాయ. ఇక్కడ మాటలు వద్దు. పిల్లలు ఈ పేజీ దగ్గర ఆగి మల్లిని వెతుక్కోవాలి, ఆటోలు లెక్కపెట్టాలి. ఏడో స్ప్రెడ్‌లో అవతలి రేవు, దిగే జనం. ఎనిమిదో దాంట్లో ఏటిగట్టు మీద కాయ చేజారుతుంది. తొమ్మిదిలో దాని వెనక పరుగులు. పదిలో అమ్మమ్మ గుమ్మం. పదకొండులో మల్లి జవాబు. 24వ పేజీలో భోజనాలు.

చూడండి, ఉత్కంఠ ఎక్కడ పెట్టామో. ఎనిమిదో స్ప్రెడ్ కుడి పేజీ చివర "అయ్యో!" అని ఉంటుంది. ఏమైందో తెలియాలంటే పేజీ తిప్పాల్సిందే. అమ్మమ్మ "ఇంత కాయ ఎవరు తెచ్చారే?" అని అడిగేది కూడా కుడి పేజీ చివరే. జవాబు పేజీ తిప్పాక. పేజీ తిప్పడమన్నది సినిమాకీ ఫోనుకీ లేని సౌకర్యం, పుస్తకానికే ఉంది. అడగవలసింది కుడివైపు అడగండి, చూపించవలసింది తిప్పాక చూపించండి. బొమ్మలు రాకపోయినా గీతల మనుషులతో డమ్మీ అంతా గీయండి. ఒకే రకం బొమ్మ వరసగా మూడు స్ప్రెడ్లలో వస్తే అక్కడ కథ కదలడం లేదని మీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత కోత

మొదటి ప్రతిలో మనమంతా ఇలాగే రాస్తాం: "ఎర్ర గౌను వేసుకున్న మల్లి, పసుపు రంగులో నిగనిగలాడే పెద్ద గుమ్మడికాయని రెండు చేతులతో పట్టుకుని, మండుటెండలో చెమటలు కారుతుండగా మెల్లమెల్లగా రేవు వైపు నడిచింది."

ఇందులో గౌను, రంగు, ఎండ, చెమట అన్నీ బొమ్మ చూపిస్తుంది. మాటలకి మిగిలేది బొమ్మ చెప్పలేనిది మాత్రమే. ఇక్కడ అది మల్లి గొప్పలు. కాబట్టి: "రేవుదాకా నేనే మోశాను." ఈ మూడు మాటలు పోగా మిగతాదంతా చిత్రకారుల చేతికి వెళ్లింది. ప్రతి వాక్యాన్నీ ఇలా నిలదీయండి: దీన్ని బొమ్మ చెప్పగలదా? చెప్పగలిగితే కొట్టేయండి. ధ్వని, వాసన, మనసులో మాట, సంభాషణ, కాలం గడవడం లాంటివి మాటలకి ఉంచండి.

తెలుగు సంగతి

పిల్లలు సొంతంగా చదివే పుస్తకమైతే మన లిపి గురించి ఆలోచించాలి. బడిలో పిల్లలు అక్షరాలు, సరళ పదాలు, గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు అనే వరసలో నేర్చుకుంటారు. "కాకి మేడ మీద వాలింది" అనే వాక్యంలో ఒక్క ఒత్తు లేదు. గుణింతాలు వచ్చిన పిల్లలు దాన్ని చదివేస్తారు. అలాగని ఒత్తులకి భయపడి అమ్మ, నాన్న, కుక్క, పిల్లి లేని కథలు రాయకండి. ఒకే అక్షరానికి అదే ఒత్తు వచ్చే మాటలు పిల్లలకి చెవిలో నాటుకుని ఉంటాయి. ఇబ్బంది "స్త్రీ", "ఉత్సాహం", "నిర్ణయం" లాంటి వాటితో వస్తుంది. వాటిని కాస్త పెద్ద పిల్లలకి ఉంచండి.

రెండో ఇబ్బంది మాట పొడవు. "తెచ్చిపెట్టమన్నాడనుకుంది" అని మనం ఒక్క గుక్కలో అంటాం. కొత్తగా చదివేవాళ్లు మధ్యలోకి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. "రాముడింటికెళ్లాడు" అని కలిపేసే బదులు "రాముడు ఇంటికి వెళ్లాడు" అని విడదీయండి. చదివి వినిపించే పుస్తకానికి ఈ పట్టింపు అక్కర్లేదు. అక్కడ నోటికి తిరిగే తీరే ముఖ్యం.

మనకి ధ్వని మాటల సంపద చాలా ఉంది: గబగబా, టపటపా, దడదడ, గలగల, బుడుంగున, జరజరా. చదివి వినిపించే పుస్తకాలకి ఇవి ప్రాణం. గట్టు మీద కాయ దొర్లే పేజీలో "డొల్లు డొల్లు డొల్లు" అన్న మాట బొమ్మతోపాటు వంకరగా కిందికి జారుతూ అచ్చయితే ఆ పేజీని పిల్లలు పదిసార్లు చదివించుకుంటారు. అంత్యప్రాస కోసం మాత్రం వాక్యాన్ని మెలితిప్పకండి. ప్రాస వచ్చి తీరాలని తెచ్చిన పదం పిల్లల చెవికి వెంటనే దొరికిపోతుంది.

యాస విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ పాత్రలు ఏ ఊరివాళ్లయితే ఆ ఊరి మాటే మాట్లాడనివ్వండి. ఆదిలాబాద్ పాప ఏలూరు పాపలా మాట్లాడక్కర్లేదు. మక్కజొన్న కంకి అని రాస్తే, మొక్కజొన్న పొత్తు అనే ఊళ్ల పిల్లలకి బొమ్మ ఉండనే ఉంది. తమ ఇంట్లో మాట పుస్తకంలో కనబడినప్పుడు పిల్లల ముఖం వెలుగుతుంది. ఆ వెలుగు అన్ని జిల్లాల పిల్లలకీ దక్కాలి. అమెరికాలో తెలుగు నేర్పే మనబడికి వెళ్లే పిల్లల్లాంటి వాళ్లని దృష్టిలో పెట్టుకుంటే వాక్యాలు ఇంకా చిన్నవి కావాలి, మాటలు మళ్లీమళ్లీ రావాలి. వాళ్ల వయసు ఎనిమిదైనా తెలుగు చదివే వేగం అయిదేళ్ల వాళ్లది ఉండొచ్చు.

పిల్లలకి చదివి చూడండి

సొంత పిల్లలకి కాదు. వాళ్లకి మీరంటే ఇష్టం, కథ బాగోకపోయినా వింటారు. అంగన్‌వాడీలోనో, ఊరి బడిలోనో, అపార్ట్‌మెంట్ కిందనో మీకు పరిచయం లేని ఏడెనిమిది మందికి డమ్మీ చూపిస్తూ చదవండి. "నచ్చిందా?" అని అడగకండి, అందరూ నచ్చిందనే అంటారు. ఎక్కడ కదిలారు, ఎక్కడ పక్కవాళ్లని గిల్లారు, ఎక్కడ పేజీ తిప్పమని తొందర పెట్టారు, ఇవి చూసి డమ్మీ మీదే గుర్తు పెట్టుకోండి. మీ నాలుక ఎక్కడ తడబడిందో కూడా రాసుకోండి. ఆ వాక్యం రేపు వేరే అమ్మ దగ్గరా తడబడుతుంది.

చిత్రకారులతో పని

పేరున్న ప్రచురణ సంస్థకి పంపేటట్టయితే బొమ్మలు మీరు వేయించక్కర్లేదు. కథ నచ్చితే చిత్రకారుల్ని వాళ్లే ఎంచుకుంటారు. సొంతంగా వేసుకునేవాళ్లకి ఈ దశ పెద్దది.

బొమ్మలు బాగా వేయడం ఒక్కటే చాలదు. ఒకే పాపని ఇరవై భంగిమల్లో, నవ్వుతూ, అలుగుతూ, వెనక నుంచి, పైనుంచి గీసినా ఆ పాపే అని తెలియాలి. అందుకే అసలు పని ఇచ్చే ముందు ముఖ్య పాత్రని అయిదారు భంగిమల్లో వేయించి చూడండి, దానికీ డబ్బివ్వండి. ఏఐతో బొమ్మలు చేయించుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పేజీ పేజీకీ పాప ముఖం మారిపోవచ్చు, చీర కట్టు ఎక్కడిదో కావచ్చు, ఇల్లు మన ఇల్లులా ఉండకపోవచ్చు.

కథతోపాటు చిత్రకారులకి ఇచ్చే సూచనలు తక్కువ ఉండాలి. "మల్లి రెండు జడలు, నీలం రిబ్బన్లు, ఎడమ చేతికి గాజులు..." అంటూ పోతే వాళ్ల చేతులు కట్టేసినట్టే. మాటల్లో లేకపోయినా కథకి తప్పనిసరైనది మాత్రమే చెప్పండి: "మాటల్లో మల్లి మోసినట్టు, బొమ్మలో తాత సైకిలు మీద కాయ." అంతే. మిగతాది వాళ్ల కథ. మీరు ఊహించని వీధికుక్క ఒకటి ప్రతి పేజీలో కాయ వెంట నడవొచ్చు. దాన్ని తీసేయమనకండి.

ఆధారాలు మాత్రం ధారాళంగా ఇవ్వండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎప్పుడూ ఎక్కని చిత్రకారుడు కేరళ హౌస్‌బోటు గీస్తాడు. ఫొటోలు, వీడియోలు పంపండి, వీలైతే తీసుకెళ్లి చూపించండి. పెంకుటింటి వాలు, చేతిపంపు, బడి యూనిఫాం రంగు, ఏ ఋతువులో చేలో ఏ పంట ఉంటుంది, ఇవన్నీ పిల్లలు పట్టేస్తారు. శైలి కోసం వెతికేటప్పుడు మన దగ్గర ఉన్నవీ చూడండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులు గీసే పటాలు బొమ్మలతో కథ చెప్పడానికి పుట్టినవే. పొడుగాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథకులు పాడతారు. ఎర్రటి నేపథ్యం మీద అడ్డ వరసల్లో కథ నడుస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో పక్కకి తిరిగిన ముఖాలు, దట్టమైన రంగులు మరో దారి. ఊరికే అలంకారంగా కాకుండా, కథ అడిగితేనే వాడండి.

పని ఈ వరసలో సాగితే గొడవలుండవు: చిన్న గడుల్లో మొత్తం పుస్తకం స్కెచ్, తర్వాత పాత్రలు, తర్వాత అసలు సైజులో పెన్సిల్ గీతలు, అన్నిటికీ ఒప్పుకున్నాక రంగులు. మార్పులన్నీ పెన్సిల్ దశలోనే చెప్పండి. రంగులు వేశాక "మల్లి ఇటు తిరిగితే బాగుండు" అనడం అన్యాయం. మాటలకి జాగా ముందే వదలమనండి. రెండు పేజీలు కలిసే మడత మీదకి ముఖం, కళ్లు, అక్షరాలు రాకూడదు. రంగు అంచుదాకా ఉండే బొమ్మ నాలుగువైపులా కత్తిరించే గీత దాటి కనీసం 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది.

ఒప్పందం రాసుకోండి

స్నేహితులైనా సరే, రాసుకోండి. ఎన్ని బొమ్మలు, ఎప్పటికి, ఎంత, ఎన్ని విడతలు, ఎన్నిసార్లు మార్పులు, అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, హక్కులు ఎవరివి అన్నవన్నీ అందులో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే అని అర్థం. రచయితలు ప్రచురణకర్తతో సంతకం పెట్టేటప్పుడూ ఇదే చూసుకోవాలి. "అన్ని భాషలు, అన్ని రూపాలు, శాశ్వతంగా" అని ఉంటే అడగండి, తగ్గించమనండి. రాయల్టీ ఇచ్చేచోట రచయిత, చిత్రకారులు పంచుకోవడం బొమ్మల పుస్తకాల్లో రివాజు. కవరు మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండాలన్నది నా పట్టుదల.

అక్షరాలు, పేజీలు

డీటీపీ వాళ్లలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చేవాళ్లలో, చాలామంది ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పనిచేస్తారు. యూనికోడ్‌లో ఇచ్చిన కథ అందులోకి మారేటప్పుడు కొన్ని అక్షరాలు పోతాయి. మార్చిన తర్వాత మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు ఒత్తులు విడిపోయి కనిపిస్తే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయమనండి, సర్దుకుంటుంది. ఉచితంగా వాడుకోగల యూనికోడ్ ఫాంట్లు చాలానే ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. కథకి మండలి లాంటి తేటైనది, పుస్తకం పేరుకి రామభద్ర లాంటి దట్టమైనది బాగుంటాయి. కొత్తగా చదివే పిల్లలకి అక్షరం 20 పాయింట్లకి తగ్గనివ్వకండి. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ ఖాళీ కావాలి. మాటని విరిచి కింది వరసలో వేయనివ్వకండి. బొమ్మ మీద గజిబిజిగా ఉన్నచోట అక్షరాలు పెట్టకండి.

అక్షరాలు ఒట్టి నలుపులో, బొమ్మతో కలపకుండా విడిగా ఉంచితే ఒక లాభముంది. రేపు ఇదే పుస్తకం కన్నడంలోనో గోండిలోనో వేయాలంటే ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటుతో అచ్చేస్తారు కాబట్టి మిగతా మూడు రంగుల ప్లేట్లు అవే ఉంచి నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అనేక భాషల్లో బొమ్మల పుస్తకాలు వేసే సంస్థలు ఖర్చు తగ్గించుకునేది ఇలాగే.

ఎక్కడ ప్రచురించాలి

తెలుగు బొమ్మల పుస్తకాలు వేసేవాళ్లలో హైదరాబాద్ మంచి పుస్తకం, చెన్నై తూలిక, బెంగళూరు ప్రథమ్ బుక్స్, ఢిల్లీ నేషనల్ బుక్ ట్రస్ట్ ఉన్నాయి. పంపే ముందు వాళ్ల పుస్తకాలు పదైనా చదవండి, మీ కథ వాటి మధ్య ఇముడుతుందో లేదో తెలుస్తుంది. మంచి పుస్తకం, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) కలిసి బొమ్మల కథల పుస్తకాలకి పోటీలు పెట్టాయి. అలాంటి ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. పంపేటప్పుడు పేజీల వారీగా విడదీసిన కథ, నాలుగు వాక్యాల పరిచయం చాలు. జవాబుకి నెలలు పట్టొచ్చు, ఈలోగా రెండో కథ మొదలుపెట్టండి.

డబ్బు కంటే పిల్లలకి చేరడం ముఖ్యమనుకుంటే స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైన ఈ వేదికలో కథలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. మీ పేరు చెప్పి ఎవరైనా చదువుకోవచ్చు, అనువదించవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. ఆ చివరి మాటకి మీరు మనస్ఫూర్తిగా సిద్ధపడితేనే పెట్టండి, తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు. అక్కడున్న బొమ్మలతో కొత్త కథ అల్లుకోవచ్చు, వేరే భాష కథని తెలుగు చేయొచ్చు. కొత్తవాళ్లకి చెయ్యి తిరగడానికి ఇది మంచి చోటు.

సొంతంగా అచ్చు వేస్తే

ముందు ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు నంబర్. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా ఇస్తారు. సొంతంగా వేసుకునే రచయితలకీ ఇస్తారు. నంబర్ చేతికి రావడానికి వ్యవధి పడుతుంది కాబట్టి బొమ్మలు పెన్సిల్ దశలో ఉండగానే మొదలుపెట్టండి.

సైజు మీరు నిర్ణయించేసుకోకుండా ప్రెస్ వాళ్లని అడగండి. అర అంగుళం తేడాతో కాగితం బోలెడు వృథా కావచ్చు. లోపలి పేజీలకి 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు లెక్క) మ్యాట్ ఆర్ట్ పేపర్, కవర్‌కి 250 నుంచి 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు, పైన లామినేషన్ సాధారణంగా సరిపోతాయి. నిగనిగలాడే కాగితం మీద ట్యూబ్‌లైట్ వెలుతురు మెరిసి పిల్లలకి బొమ్మ కనబడదు. నీటిరంగుల బొమ్మలైతే మందమైన మ్యాప్‌లితో (నిగనిగ లేని మామూలు అచ్చు కాగితం) కూడా అందంగా ఉంటుంది, ధరా తగ్గుతుంది. వందా రెండొందల కాపీలైతే డిజిటల్ ప్రింటింగ్, వెయ్యి దాటితే ఆఫ్‌సెట్ చవక. ఈ రెంటి మధ్యలో రెండింటికీ కొటేషన్ తీసుకోండి.

బొమ్మలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఉండాలి. కంప్యూటర్ తెరమీద మెరిసిపోయే పచ్చ, నారింజ రంగులు కాగితం మీద మసకబారతాయి. అందుకే ఒక స్ప్రెడ్ అసలు కాగితం మీద ప్రూఫ్ తీయించి పగటి వెలుతురులో చూడండి. అక్షరదోషాలు చూడటానికి కథ తెలియని మనిషికి ఇవ్వండి. మీ కళ్లు ఉన్నదాన్ని కాదు, ఉండాల్సినదాన్ని చదువుతాయి.

ధర లెక్కేసేటప్పుడు షాపుల కమిషన్ మర్చిపోవద్దు. ధరలో మూడో వంతు నుంచి సగం దాకా అడుగుతారు. చిత్రకారుల పారితోషికం, డీటీపీ, అచ్చు, రవాణా అన్నీ కలిపి కాపీకి ఎంత పడిందో చూసుకుని, కమిషన్ పోగా అది తిరిగొచ్చేలా ధర పెట్టండి. పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్‌టీ లేదు. పుస్తకం విడుదలైన 30 రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మరో మూడు పెద్ద గ్రంథాలయాలకి ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి. 1954 నాటి చట్టం ప్రకారం అది ప్రచురణకర్త బాధ్యత.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతాయి. వీటికి అందాలంటే అక్టోబరుకల్లా ఫైలు ప్రెస్‌కి చేరాలి. స్టాల్ అద్దె ఒక్క పుస్తకానికి గిట్టదు. పిల్లల పుస్తకాలు పెట్టే స్టాల్ వాళ్లతో మాట్లాడుకోండి. వాళ్లు ఒప్పుకుంటే సాయంత్రం అక్కడే చాప పరిచి కథ చదవండి. మిగతా ఏడాదంతా బళ్లకి వెళ్లండి. చదివి వినిపించి, ఒక కాపీ తరగతి గదిలో వదిలిరండి, టీచర్ బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికి అందేచోట ఉంచమని అడగండి.

అచ్చయిన ప్రతిలో తప్పులు కనబడుతూనే ఉంటాయి. ఒక కాపీ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంటూ పోండి, రెండో ముద్రణకి అదే ప్రూఫ్. ప్రెస్ వాళ్లు ఫైలు దాచి ఉంచుతారని నమ్ముకోకండి. బొమ్మల అసలు స్కాన్లు, లేఅవుట్ ఫైలు, వాడిన ఫాంట్లు, చివరి పీడీఎఫ్ అన్నీ రెండు చోట్ల దాచుకుని, ఒక సెట్టు చిత్రకారులకీ ఇవ్వండి.